క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్: వర్గ సమీకరణాలకు ఎంతవరకు పనికొస్తుంది?

చేత్తో చేసిన వర్గ సమీకరణం జవాబు సరిచూసుకోవడానికి ఈ క్యాలిక్యులేటర్ బాగా పనికొస్తుంది. మెనూలో ఈక్వేషన్ మోడ్‌కి వెళ్లి, పాలినోమియల్‌కి 2, డిగ్రీకి 2 నొక్కితే ఏ, బీ, సీ గుణకాలకు మూడు గళ్లు వస్తాయి. ఒక్కోటీ కొట్టి = నొక్కుకుంటూ పోవడమే. భిన్నాలైనా, √2 లాంటి కరణులైనా తీసుకుంటుంది.

1, −6, 7 ఇచ్చి చూడండి. 4.414, 1.586 అని దశాంశాలు ముందు పడేయదు. 3+√2, 3−√2 అని పుస్తకంలో ఉన్నట్టే చూపిస్తుంది. ఆ తర్వాత కూడా = నొక్కుతూ వెళ్లండి, పరావలయం కనిష్ఠ బిందువు వస్తుంది: ఎక్స్ 3, వై −2. ఎక్స్ స్క్వేర్ గుణకం రుణాత్మకమైతే గరిష్ఠం చూపిస్తుంది. పాత ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ మోడల్ ఉన్నవాళ్లు దీనికి మారాలంటే ఈ రెండు సౌకర్యాలే గట్టి కారణం.

తప్పులు ఎక్కువగా జరిగేది గుణకాలు కొట్టే దగ్గరే. మూడు ఎక్స్ స్క్వేర్ ఈక్వల్స్ ఐదు ఎక్స్ మైనస్ రెండు అని లెక్క ఇస్తే, అన్నీ ఎడమవైపు తెచ్చి 3, −5, 2 కొట్టాలి. మూలాలు 1, 2/3. కనబడ్డట్టే 3, 5, −2 కొట్టేస్తే 1/3, −2 అని అంతే శుభ్రమైన జవాబు వస్తుంది, అనుమానమే రాదు! పైగా జవాబు చూసి వెనక్కొచ్చాక పాత గుణకాలు అలాగే ఉంటాయి. కొత్త లెక్కలో ఎక్స్ పదం లేకపోతే బీ గడిలో 0 కొట్టి తీరాలి. గళ్ల దగ్గర ఏసీ నొక్కితే మూడూ సున్నా అవుతాయి, అదే అలవాటు చేసుకోండి.

విచక్షణి (b²−4ac) సున్నా అయితే ఒక్క విలువే కనిపిస్తుంది, రెండోదాని కోసం వెతక్కండి. విచక్షణి రుణాత్మకమైనప్పుడు వచ్చే సంకీర్ణ మూలాలు కావాలా వద్దా అన్నది సెటప్‌లో మార్చుకోవచ్చు.

విచక్షణి విలువను, సాధన మెట్లను మాత్రం చూపించదు. దీర్ఘచతురస్రం వైశాల్యం 84, పొడవు వెడల్పు కన్నా 5 ఎక్కువ అంటే వెడల్పుకి 7, −12 రెండూ ఇస్తుంది. −12ని వదిలేయాల్సింది మనమే. పదో తరగతి పిల్లలకి దీన్ని కొనిపెట్టడం దండగ: పబ్లిక్ పరీక్షలో క్యాలిక్యులేటర్ రానివ్వరు, మార్కులు మెట్లకే. జేఈఈ మెయిన్‌లోనూ అంతే. డిప్లొమా, ఇంజనీరింగ్ వాళ్లు కాలేజీ పరీక్షల్లో ఈ మోడల్‌ని అనుమతిస్తారో లేదో కనుక్కుని కొనుక్కోవచ్చు. గేట్ పరీక్షలో తెర మీద ఇచ్చే క్యాలిక్యులేటర్‌లో మాత్రం ఈ మోడ్ లేదు, అక్కడ సూత్రమే గతి.