పిల్లల రక్తపోటుకు ఉప్పు తగ్గించడమా, డాష్ ఆహారమా?

పదమూడేళ్లు నిండిన పిల్లలకు 130/80, ఆపైన ఉంటే అధిక రక్తపోటుగా పరిగణించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో సూచించింది. అంతకంటే చిన్నవారికి వయసు, ఎత్తు, ఆడమగ తేడాలను బట్టి కొలత మారుతుంది.

ఉప్పు తగ్గించడం వినడానికి సులువే. కంచంలోని ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కంటికి కనిపిస్తాయి గాని నూడుల్స్ మసాలాలోని, చిప్స్‌లోని, చివరకు తియ్యగా ఉండే బ్రెడ్డులోని ఉప్పు కనిపించదు. ప్యాకెట్టు మీద మిల్లీగ్రాములలో ఇచ్చిన సోడియంను 400తో భాగిస్తే ఉప్పు ఎన్ని గ్రాములో సుమారుగా తెలుస్తుంది.

డాష్ అంటే రక్తపోటు తగ్గించడానికి రూపొందించిన ఆహార పద్ధతి. అది వద్దనడంతో కాక పెట్టడంతో మొదలవుతుంది: ఆకుకూరలు, పళ్లు, పప్పు, ముడిధాన్యాలు, వెన్న తీసిన పాలు, పెరుగు. పెద్దలపై జరిగి 1997లో ప్రచురితమైన పరీక్షలో, ఉప్పు మోతాదు మార్చకుండానే ఈ ఆహారం రక్తపోటును తగ్గించింది. వద్దన్నవే తినాలని మారాం చేసే పిల్లలున్న ఇంట్లో నిషేధాల కంటే ఇదే నిలబడుతుందని నా అభిప్రాయం.

అయితే చిన్నపిల్లల్లో రక్తపోటుకు మూత్రపిండాల జబ్బు తరచు కారణమవుతుంది. అటువంటప్పుడు పళ్లు, కూరల్లోని పొటాషియమే ప్రమాదం కావచ్చు గనుక వైద్యుని అడగకుండా డాష్‌ను మొదలుపెట్టకూడదు.