మోత కిలోమీటరు, మాట అర కిలోమీటరు: ఎలక్ట్రానిక్ సైరన్లపై సమీక్ష

కేటలాగులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండే అంకె '30 మీటర్ల దగ్గర 120 డెసిబెళ్లు'. అది మోతకు కొలిచిన అంకె, మాటకు కాదు. బయట స్తంభాల మీద పెట్టే ఎలక్ట్రానిక్ హెచ్చరిక సైరన్లు కొనేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. మోత విషయంలో వీటికి వంక పెట్టనక్కర్లేదు. మాట విషయంలో మాత్రం లెక్క చూసుకున్నాకే ఆర్డరివ్వాలి.

ఆ లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే 6 డెసిబెళ్లు పోతాయని సిద్ధాంతం. చెట్లు, గోడలు, గాలి అన్నీ కలిపి ప్లానింగులో 10 వేసుకోవడం వాడుక. అలా చూస్తే 120 కాస్తా 60 మీటర్ల దగ్గర 110, 120 దగ్గర 100, 240 దగ్గర 90, 480 దగ్గర 80, 960 దగ్గర 70 అవుతుంది. రోడ్డు రొద 60 ఉన్నా ఆ 70 చెవిన పడుతుంది. సైరన్ మోత ఒకే ఎత్తున సాగుతుంది కాబట్టి ఆంప్లిఫయర్ ఉన్న బలమంతా దాని మీదే పెట్టగలదు. మాటకు ఎగుడుదిగుళ్లుంటాయి. శిఖరాలు తెగి గరగరమనకుండా ఉండాలంటే సగటు మట్టాన్ని మరో 10 డెసిబెళ్లు దించక తప్పదు. అంటే ఆ 70 ఇప్పుడు 480 మీటర్ల దగ్గరే అయిపోయింది. అది చాలదన్నట్టు స, శ, చ లాంటి హల్లులను మోసే 2000 హెర్ట్జ్ పై ధ్వనులను గాలి ముందుగా మింగేస్తుంది. చివరికి దూరాన ఉన్నవాళ్లకు అందేది అచ్చుల మూలుగే. అందుకే అమ్మేవాళ్లను డెసిబెళ్లు అడిగి ఊరుకోకండి. స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్ (మాట ఎంత స్పష్టంగా అందుతుందో 0 నుంచి 1 వరకు చెప్పే కొలత) ఎంత దూరం వరకు 0.5కు తగ్గదో రాతపూర్వకంగా అడగండి.

టోన్లంటారా, స్టెడీ (నిలకడ మోత), వెయిల్ (ఎగసిపడే మోత), హై-లో, వూప్, గంటల శబ్దం... మెనూ బారెడుంటుంది. జనానికి గుర్తుండేవి రెండు, మహా అయితే మూడు. గంటల శబ్దం ఒక్కటి పనికొస్తుంది: నెలవారీ పరీక్ష రోజున ఎవరినీ హడలెత్తించదు. ఫ్యాక్టరీ సెట్టింగును మాత్రం అలాగే వదిలేయొద్దు, ఏ మోతకు ఏ అర్థమో చోటును బట్టి మారుతుంది. వైమానిక దాడి హెచ్చరికల పాత సంప్రదాయంలో ఎగసిపడే మోత ప్రమాదానికి, నిలకడ మోత గండం గడిచిందనడానికి. అమెరికాలోనేమో 3 నుంచి 5 నిమిషాల నిలకడ మోత అంటేనే హెచ్చరిక!

తెలుగు సందేశం రాసేటప్పుడు ఒక చిక్కుంది. 'రండి', 'రాకండి', 'వెళ్లండి', 'వెళ్లకండి'. మధ్యలో ఆ ఒక్క 'క' ప్రతిధ్వనిలో కలిసిపోయిందా, ఆజ్ఞ తలకిందులవుతుంది. 'బయటకు రాకండి' బదులు 'ఇళ్లలోనే ఉండండి' అని రికార్డు చేయండి. వాక్యానికి నాలుగైదు మాటలు, మధ్యలో రెండు సెకన్ల విరామం, మొత్తం రెండు మూడుసార్లు. ముందు కొద్ది సెకన్ల టోన్ ఉంటే జనం చెవి ఇటు తిరుగుతుంది. 300 హెర్ట్జ్ కింది భాగాన్ని కోసేయండి, దానివల్ల హారన్‌కు బరువే తప్ప మాటకు స్పష్టత రాదు. గది ప్రతిధ్వని రికార్డింగులోనే ఉంటే బయట ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. లైవ్ మైకులో అరవడం మరీ చేటు: శిఖరాలు తెగి (క్లిప్పింగ్), ఉన్న స్పష్టత కూడా పోతుంది.

పక్కపక్క సైరన్లు ఒకేసారి మాట్లాడటం ఇంకో తలనొప్పి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. ఒక సైరన్ మీకు 340 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దాని మాట సెకను ఆలస్యంగా వచ్చి ముందు మాట మీద పడుతుంది. మోతకు ఇది అడ్డం కాదు, మాటకు పెద్ద గండం. ఒకటి విడిచి ఒకటి వంతులవారీగా మాట్లాడించే సౌకర్యం కంట్రోలర్‌లో ఉందా లేదా చూసుకోండి. తిరిగే తలకాయ మోడళ్లు మోతకే మేలు. తిరుగుతూ మాట్లాడితే సగం మాట అవతలి వీధికి పోతుంది.

నిర్వహణలో చెవిని నమ్మకండి. హారన్లలో శబ్దం పుట్టించే ఎనిమిది యూనిట్లలో (డ్రైవర్లలో) ఒకటి కాలిపోతే తగ్గేది దాదాపు 1 డెసిబెల్, ఎవరూ గుర్తుపట్టలేరు. ప్రతి డ్రైవర్ కరెంటును విడిగా చూపే మోడల్ తీసుకోవాలి. నీరసించిన బ్యాటరీని కూడా మాట దాచేస్తుంది, సగటు కరెంటు తక్కువ కాబట్టి. నిలకడ మోతను పూర్తి నిడివి మోగించి, ఓల్టేజీ ఎంత పడిందో చూస్తే దాని గుట్టు బయటపడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 3 నుంచి 5 ఏళ్లు, ఎండలో ఉన్న పెట్టెలో ఇంకా తక్కువ.

దాదాపు ప్రతి మోడల్‌లోనూ ఉండే సైలెంట్ టెస్ట్ మంచిదే. ఎవరి నిద్రా చెడకుండా ఆంప్లిఫయర్నీ, డ్రైవర్ల సర్క్యూట్నీ తనిఖీ చేస్తుంది. కానీ అది చూసేది కరెంటునే. హారన్ గొంతులో కందిరీగలు గూడు కట్టినా తెరమీద 'ఓకే' అనే వస్తుంది.