ఒమన్‌లో ఒక్కరోజు నడక: జెబెల్ షమ్స్ బాల్కనీ దారా, వాదీ షాబా?

చలికాలంలో హైదరాబాద్ నుంచి మస్కట్ వెళ్లి, గైడుతో ఒక్కరోజే నడిచే వీలుంటే మా ఓటు జెబెల్ షమ్స్ కొండ మీది బాల్కనీ దారికే. అల్ ఖితైమ్ అనే ఊరి నుంచి ఒక పాడుబడ్డ ఊరిదాకా లోయ అంచునే దారి. రానూపోనూ 7-8 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. తెల్ల రాబందులు ఒక్కోసారి మన కాళ్ల కిందుగా, లోయలో తిరుగుతాయి: పసుపు ముఖం, రెక్కల నల్ల అంచులు పైనుంచే కనిపిస్తాయి. నీడ తక్కువ, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. గులకరాళ్ల మీద కాలు జారేది తిరుగు నడకలో, అలసిపోయాక. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకు వద్దు.

వాళ్లకు వాదీ షాబ్ అనే వాగు లోయ నయం. మొదట్లో నీటిని పడవలో దాటి ముప్పావుగంట నడిస్తే ఈత మడుగులు. చిన్న చేపలు పాదాలు గిల్లుతాయి. పెద్ద జంతువులను ఆశించొద్దు. ఎగువన వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా వరద వస్తుంది. గైడు వెనక్కి పదమంటే అప్పుడే కదలాలి.