రామకోటి పుస్తకం: 200 పేజీలు రాసిన తర్వాత

నిరుడు భద్రాచలం వెళ్లినప్పుడు గుడి దగ్గరి ఒక పూజాసామగ్రి దుకాణంలో 80 రూపాయలకు ఈ రామకోటి పుస్తకం కొన్నాను. ఆ రోజుల్లో నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఇంకా జరగని సంగతుల గురించి తెరిపి లేని ఆలోచనలు. వైద్యులు దానిని ఆందోళన రుగ్మత అని చెప్పి మందులు రాశారు. ఆ మందులు వాడుతూనే, రోజుకొక పేజీ చొప్పున ఈ పుస్తకం పూర్తి చేశాను.

పేజీకి అడ్డంగా 9, నిలువుగా 12 చొప్పున 108 గళ్లు ఉన్నాయి. గడికొకసారి ‘శ్రీరామ’ అని రాయాలి. 200 పేజీలకు కలిపి 21,600 నామాలవుతాయి. మనిషి ఒక రాత్రీ పగలూ తీసుకునే శ్వాసలు ఇన్నేనని మన యోగ సంప్రదాయం చెప్పే సంఖ్య కూడా అదే. ప్రచురణకర్తలు తెలిసి చేశారో లేదో గాని, నాకు మాత్రం ఆ పోలిక ఎంతో నచ్చింది. కోటి పూర్తి కావాలంటే ఇలాంటివి 463 పుస్తకాలు కావాలి. రోజుకు వెయ్యి నామాలు రాసినా 27 ఏళ్లు దాటుతుంది. త్యాగరాజస్వామి 96 కోట్ల రామనామం జపించారని పెద్దలు చెబుతారు. అంతటి సంఖ్యను తలచుకుంటే నాబోటివాడికి కొత్త బెంగ పట్టుకుంటుంది కాబట్టి, కోటి మాట పక్కన పెట్టి, ఈ పూటకు ఈ పేజీ అని మాత్రమే అనుకున్నాను.

ఒక పేజీకి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. జపమాల తిప్పుతున్నప్పుడు నా పెదవులు నామం పలుకుతుండగానే మనసు ఆఫీసుకో ఆసుపత్రికో వెళ్లిపోయేది. రాతలో అది అంత తేలిక కాదు. ‘శ్రీ’కి కింద క్రావడి, పైన గుడిదీర్ఘం, ‘రా’కు దీర్ఘం, ఇవన్నీ చిన్న గడిలో ఇమడాలంటే చూపు, చేయి, మనసు మూడూ అక్కడే ఉండాలి. మనసు జారిన క్షణంలోనే క్రావడి మరిచిపోతాను, లేదా అక్షరం గడి దాటుతుంది. భయం ఎక్కువగా ఉన్న రోజుల పేజీలను ఇప్పుడు తిరగేస్తే మొదటి మూడు వరుసలు వంకరగా, ఒత్తి రాసినట్లుగా కనిపిస్తాయి. ఆరేడు వరుసల తర్వాత అక్షరాలు గుండ్రంగా కుదురుకుంటాయి. నా ఊపిరి కూడా దాదాపు అక్కడే నెమ్మదించేదని కొన్ని వారాల తర్వాత గమనించాను. అన్ని రోజులూ అలా జరగలేదు. పేజీ ముగిసినా దడ తగ్గని రోజులూ ఉన్నాయి, కానీ ఆ రోజుల్లో కూడా నేను ఒంటరిగా లేననే భావన మిగిలేది.

పేజీ పూర్తయ్యాక వేరే నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసుకునేవాణ్ని: నిన్న దేనికి భయపడ్డాను, అది జరిగిందా. ఇలాంటి మాటలు దేవుడి ముందు తేవచ్చా అని మొదట సంకోచించాను. గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న తన రాముణ్ని నిష్ఠురమాడి, వెంటనే నొచ్చుకుని క్షమించమని కూడా వేడుకున్నాడు కదా అని గుర్తొచ్చాక ఆ సంకోచం పోయింది.

ఇక లోపాలు. కాగితం పలచన, జెల్ పెన్ను సిరా వెనక్కి ఊరి అవతలి పేజీ గళ్లను పాడుచేస్తుంది, అందుకే బాల్‌పెన్నుతోనే రాయాలి. 140వ పేజీ దాటాక పిన్నుల దగ్గర కాగితాలు ఊడసాగాయి. పూర్తయ్యాక స్వామికి సమర్పించే పుస్తకానికి పిన్నులు కాక దారపు కుట్టు ఉండి తీరాలి. చూపు మందగించిన పెద్దలకు ఈ గళ్లు చాలవు. ముఖచిత్రంగా పట్టాభిషేకం వేశారు. భద్రాద్రిలో అమ్మే పుస్తకం మీద ఎడమ తొడపై సీతమ్మను కూర్చోబెట్టుకున్న ఆ చతుర్భుజ రాముడే ఉంటే బాగుండేది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది చివరి పేజీ. మధ్యలో ఒక్కరోజు మానినా ఫలం దక్కదని, నియమంగా రాస్తే సమస్త రోగాలూ పోతాయని అక్కడ అచ్చువేశారు. ఆందోళనతో బాధపడేవాడి చేతిలో ఇలాంటి వాక్యం పెట్టకూడదు. జ్వరంతో మూడు రోజులు రాయలేకపోయినప్పుడు, ఏదో కీడు జరగబోతోందని నేను నిజంగా వణికిపోయాను. ఫోనులో చెబితే మా పెద్దమ్మ, “రాముడు హాజరుపట్టీ వేసుకుని కూర్చుంటాడా నాన్నా? ఒళ్లు కుదుటపడ్డాక రాసుకో” అంది. ఆ మాటతో నాలుగో రోజు మళ్లీ కలం పట్టగలిగాను. రోగాలు పోతాయన్న మాట నమ్మి మందులు ఆపేవారు ఉంటారేమోనన్నది నా మరో భయం. నేను వైద్యుల సలహాతోనే మోతాదు తగ్గించుకున్నాను. నిద్రపట్టని రాత్రి మాట్లాడే మనిషి కావాలనిపిస్తే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుతుందని ఆ పేజీలో వేసి ఉంటే ఎంత మేలు జరిగేదో!

కొనేవారు దుకాణంలోనే పుస్తకం మధ్యకు తెరిచి కుట్టు చూసుకోవాలి, ఒక గడిలో ‘శ్రీ’ రాసి చూడనిమ్మని అడగాలి. నేను రెండో పుస్తకం వేరే రకం తీసుకున్నాను: పేజీకి 54 గళ్లు, దారపు కుట్టు, ధర 120 రూపాయలు. మొదటిదానికి ఊడిన పేజీలు కుట్టించి అట్ట వేయించాను. వచ్చే శ్రీరామనవమికి పెద్దమ్మను వెంటబెట్టుకుని భద్రాచలం వెళ్లి సమర్పించాలని ఉంది.