జర్మన్ రానివాళ్లు మ్యూనిక్ హాస్యనటుడు కార్ల్ ఫాలెంటిన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: మూకీతోనా, టాకీతోనా?

మూకీతో మొదలుపెట్టమనడం తేలిక. భాష అడ్డురాదు, పైగా 1923లో ఎరిక్ ఎంగెల్‌తో కలిసి ‘మిస్టీరియెన్ ఐనెస్ ఫ్రిజియర్‌సలోన్స్’ (ఒక క్షౌరశాల రహస్యాలు) అనే మూకీని తీసింది జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్. తల తెగిపడటం, దాన్ని మళ్లీ అతికించడం, మధ్యలో ఎముకలగూడులాంటి పొడుగాటి మంగలి ఫాలెంటిన్. బ్రెక్ట్ అభిమానులకు అది తప్పనిసరి. కానీ ఫాలెంటిన్ కోసమే వచ్చినవాళ్లకు నేను దాన్ని ముందుగా చూపించను.

ఎందుకంటే ఆయన హాస్యం వాదనలో ఉంది. మ్యూనిక్ శివారు ఔలో 1882లో పుట్టి, వడ్రంగం నేర్చుకుని, బీరుశాలల వేదికలెక్కిన ఈ మనిషి ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు పట్టుకుని ఎదుటివాళ్లకు ఊపిరాడనివ్వడు. కళ్లజోడుకు అద్దాల్లేవేమిటంటే, అసలు జోడే లేకపోవడం కన్నా నయం కదా అంటాడు. ఇలాంటి మాటకు ఎదుట సరైన మనిషి ఉండాలి. ఆ మనిషి లీజల్ కార్ల్‌స్టాట్. 1911 నుంచి దశాబ్దాల పాటు ఆమె ఆయనకు జోడీ. మగవేషాలూ పిల్లవేషాలూ అవలీలగా వేసేది. ఆమెను పక్కన పెట్టి ఆయన్ను గొప్పవాడనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే నా ఓటు 1934 నాటి ‘డేర్ ఫిర్మ్‌లింగ్’ టాకీకి. చర్చిలో దృఢీకరణ సంస్కారం అందుకున్న కొడుకును తండ్రి హోటల్‌కు తీసుకెళ్తాడు. తాగిన తండ్రి ఫాలెంటిన్, కొడుకు కార్ల్‌స్టాట్. కుర్చీలో కూర్చోవడమే వాళ్లకు పెద్ద గండం. సగం మాటలు అర్థంకాకపోయినా దేహాలు కథ చెబుతాయి, గొంతులు ఆ తండ్రీకొడుకుల సంబంధాన్ని చెబుతాయి. మూకీలో ఈ రెండోది దొరకదు.

దాని తర్వాత ఫాలెంటిన్ ‘బుక్‌బైండర్ వాన్నింగర్’ సంభాషణను ఏ అనువాదంలోనైనా చదవండి. పుస్తకాలు సిద్ధమయ్యాయి, బిల్లుతో సహా పంపమంటారా అని ఒక కంపెనీకి ఫోన్ చేస్తాడు పాపం ఆ బైండరు. ఒక్కొక్కరు ఇంకొకరికి కలుపుతారు, ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకోవాలి, చివరికి ఆఫీసు మూసే వేళవుతుంది. మన దగ్గర ఒక్క ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్లకు దీనికి వివరణ అక్కర్లేదు.

మ్యూనిక్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇసార్‌టోర్ కోటద్వారంలో 1959 నుంచి నడుస్తున్న ఫాలెంటిన్, కార్ల్‌స్టాట్‌ల మ్యూజియం కూడా ఉంది. చలికాలం కోసం బొచ్చు చుట్టిన పళ్లపుల్ల అక్కడే చూడొచ్చు. ఆ టాకీ చూశాకే వెళ్లండి.