రామ్నీ మార్ష్ పల్లె చర్చిలు: రోజుకి మూడు చాలు

ఇంగ్లండ్‌లో కెంట్ వైపు వెళ్లేవాళ్లు ఎక్కువగా కాంటర్‌బరీ చూసి తిరిగొచ్చేస్తారు. అక్కడికి దక్షిణాన, సముద్రాన్ని వెనక్కి నెట్టి సాధించిన రామ్నీ మార్ష్ పల్లపు నేలలో పదికి పైగా మధ్యయుగపు చర్చిలున్నాయి. వాటికి టికెట్ లేదు. అన్నీ ఒకే రోజు చుట్టేద్దామనుకుంటే మాత్రం ఒక్కటీ సరిగా చూడలేరు.

మొదట బ్రూక్‌లాండ్ వెళ్లండి. ఇక్కడి గంటగోపురం చర్చి మీద ఉండదు. చెక్క పెంకులు కప్పిన ఎనిమిది ముఖాల గోపురం పక్కనే నేల మీద నిలబడి ఉంటుంది. మెత్తటి నేల అంత బరువు ఆపలేదని ఇలా కట్టారంటారు. అసలు నిధి లోపలుంది: 12వ శతాబ్దపు సీసపు బాప్తిస్మ తొట్టి. చుట్టూ రెండు వరుసల బొమ్మలు, పైన రాశి, దాని కిందే ఆ నెలలో చేసే పని. మేషం, వృషభం తెలిసిన మనవాళ్లకి గుర్తుపట్టడం తేలికే. జనవరికి రెండు ముఖాల మనిషి, ఫిబ్రవరికి మంట దగ్గర చలి కాచుకుంటున్న మనిషి. వరుసకి 20 గళ్లు. 12 నెలలూ అయ్యాక మిగిలిన 8 గళ్లలో మార్చి నుంచి అక్టోబరు దాకా మళ్లీ వేశారు. ఫోన్ టార్చ్ ఎదురుగా కొడితే బొమ్మలు అణిగిపోతాయి, పక్క నుంచి వాలుగా పట్టుకుంటే లేచి కనిపిస్తాయి. సీసం మెత్తన, చేతులు పెట్టకండి.

అక్కడికి రెండు కిలోమీటర్లలో ఫెయిర్‌ఫీల్డ్. కాలువల నడుమ, గొర్రెల బీడులో ఒంటరి చర్చి. ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, అది పొరపాటు. బయటి ఇటుక 18వ శతాబ్దపు తొడుగే. లోపలికి వెళ్తే పాత కలప చట్రం, బరువైన దూలాలు, తెల్ల రంగేసిన తలుపుల బెంచీలు, మూడంతస్తుల ప్రసంగ వేదిక కనిపిస్తాయి. తలుపు తాళం వేసి ఉంటే తాళంచెవి ఎక్కడుందో నోటీసు చూడండి, దగ్గర్లోని ఇంటి దగ్గర తగిలించి ఉండడం ఇక్కడి ఆనవాయితీ. వానొస్తే గట్టు బురదే, షూ తడుస్తాయి. గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కల్ని తీసుకెళ్లకపోవడం మేలు.

మూడోది న్యూ రామ్నీ. 1287 తుఫాను నదినే ఇక్కణ్ణించి రై అనే ఊరి వైపు మళ్లించింది. ఊరి నేల మేట వేసి ఎంత పెరిగిందంటే, చర్చిలోకి మెట్లు దిగి వెళ్లాలి. స్తంభాల కింది భాగంలో మట్టి మరకలు చూడండి. దారిలో ఓల్డ్ రామ్నీ గులాబీరంగు బెంచీలకి పావుగంట చాలు.

బసకి రై అందమైన ఊరు, కానీ పాత ఇళ్లలో మెట్లు ఇరుకు, గుమ్మాలు పొట్టివి, కారు దూరంగా పెట్టాలి. వారాంతంలో రెండు రాత్రులకి తక్కువ ఇవ్వని చోట్లూ ఉన్నాయి. పెద్దవాళ్లతో, పెద్ద పెట్టెలతో వెళ్తే యాష్‌ఫర్డ్‌లో లిఫ్టున్న మామూలు హోటలే నయం. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడ్ రైల్లో అక్కడికి 40 నిమిషాలలోపే. ఆపైన కారు కావాల్సిందే, పల్లెలకి బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. నేల చదును కదా అని సైకిల్ ఎక్కేవాళ్లు గాలి దిశ ముందే చూసుకోవాలి, అడ్డమే లేని బయలది. ఎదురుగాలిలో వెళ్లి, అలిసిపోయాక గాలివాటున తిరిగొచ్చేలా దారి వేసుకోండి.

పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటితే చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు, సాయంత్రం దాకా ఏమీ దొరకదు. శాకాహారులు డబ్బా కట్టుకెళ్లడమే మంచిది. చాలా చర్చిల్లో టాయిలెట్ ఉండదు, రై ఊళ్లోనో న్యూ రామ్నీలోనో చూసుకోండి. ఆదివారం ఉదయం ప్రార్థన జరుగుతుంటే అయ్యేదాకా ఆగండి. విరాళం పెట్టెలో వేసే నాణేలు కప్పు మరమ్మతుకి నిజంగా అక్కరకొస్తాయి.

తలుపు తెరుచుకోకపోతే తాళం వేశారనుకుని వెళ్లిపోకండి. ఇనుప కడియాన్ని పూర్తిగా తిప్పితే లోపలి గడియ లేస్తుంది, అప్పుడు భుజంతో కాస్త నెట్టండి, తేమకి కలప ఉబ్బి పట్టేస్తుంది. బయటికొచ్చేటప్పుడు వలతలుపు ఉంటే తప్పక మూయండి. లోపల చిక్కుకున్న పిట్ట నీళ్లు దొరక్క చచ్చిపోతుంది.