వంటింటి చిట్కాలు: ఏళ్ల తరబడి వాడాక మా ఇంట్లో నిలిచినవీ నిలవనివీ

ఫోన్‌లో వచ్చే వంటింటి చిట్కాల్లో సగానికి పైగా చూడటానికే బాగుంటాయి. మిగతావాటిలో కొన్ని మాత్రం మా ఇంటి పొద్దుటిపూటనే మార్చేశాయి. మాది విజయవాడ సత్యనారాయణపురం. నేను ఆఫీసుకి, మా ఆయన రైల్లో గుంటూరుకి, పిల్లలిద్దరూ స్కూలుకి. ఎనిమిదయ్యేసరికి నాలుగు క్యారేజీలు కట్టాలి, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేని అత్తయ్యగారికి టిఫిన్ పెట్టాలి. ఏ చిట్కా అయినా నేను మూడు సంగతులే చూస్తాను. పొద్దుటి పని తగ్గిందా? మే నెల ఎండలో కూడా పనిచేసిందా? నేను ఊళ్లో లేనప్పుడు ఇంట్లో మిగతావాళ్లు దాన్ని సాగించగలిగారా?

ముందుగా చింతపండు గుజ్జు. పొద్దున్నే చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసి చెయ్యి కడుక్కునేలోపు పక్క పొయ్యి మీద తాలింపు మాడిపోతుంది. అందుకే ఆదివారం మధ్యాహ్నం అరకిలో చింతపండు తీసుకుని, పీచూ గింజలూ ఏరి, మునిగేదాకా వేడినీళ్లు పోసి గంటసేపు వదిలేస్తాను. చల్లారాక జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దితే గుజ్జంతా కిందికి దిగుతుంది. దాన్ని స్టీలు గిన్నెలో కాస్త ఎక్కువ ఉప్పు, చిటికెడు పసుపు వేసి సన్నసెగ మీద ఉడికించాలి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది. మొదట పలచగా తుకతుకమంటుంది. తర్వాత బుడగలు పెద్దవై చిందుతాయి, అప్పుడు మూత ఓరగా పెట్టాలి. గరిటె ఎత్తితే జారకుండా ముద్దగా అంటుకుని ఉంటే దించేయొచ్చు. పూర్తిగా చల్లారాక గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెలంతా వస్తుంది. చారుకి ఒక చెంచా, పులుసుకి రెండు. మా ఆయన కూడా కొలత తప్పకుండా చారు పెట్టేస్తున్నారంటే ఈ సీసా పుణ్యమే. నా లెక్కలో దీనికి పదికి పది.

అదే వరసలో గోంగూర కూడా. మా పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట. గోంగూర లేకుండా వారం గడవని ఇల్లు అది. కానీ పనిరోజున కట్టలు విప్పి ఆకు గిల్లుతూ కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? పటమట రైతుబజారులో లేత కట్టలు దొరికిన రోజున తెచ్చి, కడిగి, పాతచీర మీద రాత్రంతా ఆరబెడతాను. పొద్దున్నకి తడి బొత్తిగా ఉండకూడదు. నూనెలో ఉప్పు వేసి, నీరంతా ఇగిరి ముద్దయ్యేదాకా మగ్గించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు వారాలు పైనే ఉంటుంది. పప్పులో వేస్తే గోంగూర పప్పు. ఎండుమిర్చి, వెల్లుల్లి, మెంతులు వేయించి నూరి కలిపితే పచ్చడి. మాంసంలో వేసుకునేవాళ్లకీ ఇదే ముద్ద.

పప్పు సంగతి వేరే చెప్పాలి. చాలా చిట్కాలు కందిపప్పు త్వరగా ఉడకడానికి నూనెచుక్క వేయమనీ, వంటసోడా వేయమనీ చెబుతాయి. నూనె వేస్తే పొంగు తగ్గుతుంది, అంతే. సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ రుచి పోతుంది. అసలు మన అపార్ట్‌మెంట్లలో పప్పు ఉడకకపోవడానికి కారణం చాలాసార్లు బోరునీళ్లు. అందులోని సున్నం పప్పుని గట్టిగా పట్టి ఉంచుతుంది. మా కుళాయిలో కొన్ని రోజులు కృష్ణనీళ్లు, కొన్ని రోజులు బోరునీళ్లు కలిసి వస్తాయి. రెండు రకాల నీళ్లతో ఒకే పప్పు వండి చూస్తే తేడా కళ్లకి కట్టింది. అప్పటినుంచి పప్పు నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగేనీళ్లే వాడుతున్నాను. స్నానానికి వెళ్లేముందు నానబెడితే వచ్చేసరికి అరగంట అవుతుంది, మూడు కూతలకి మెత్తగా ఉడికిపోతుంది. టమాటా, చింతపండు ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు బిర్రబిగుస్తుంది. అవి పప్పు ఉడికాక వేయాల్సినవి.

ఇక ఇడ్లీపిండి. దీని మీద వచ్చినన్ని సలహాలు మరి దేని మీదా రావు. వాటిలో ఎక్కువభాగం చల్లటి ఊళ్లలో ఉండేవాళ్లు చెప్పినవి. వెచ్చటి చోట పెట్టండి, ఓవెన్‌లో లైటు వేసి పెట్టండి, రాత్రంతా పులియబెట్టండి అంటారు. పగలు 45 డిగ్రీలు తాకి రాత్రి కూడా వేడి దిగని బెజవాడ మే నెలలో రాత్రంతా బయట పెడితే తెల్లారేసరికి పిండి గిన్నె దాటి గట్టు మీద పారుతుంది, వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. మాకు కుదిరిన పద్ధతి వేరు. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, కొంచెం మెంతులు. గ్రైండరు తిరుగుతున్నప్పుడు ఫ్రిజ్ నీళ్లే కొంచెం కొంచెంగా పోస్తాను. రాయి వేడికి పిండి వేడెక్కితే అప్పుడే పులుపు మొదలవుతుంది. రుబ్బు అయిందో లేదో చూడటానికి చిన్న ముద్ద నీళ్లలో వేయాలి. తేలితే చాలు. రవ్వని కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బులో కలిపాక ఆ పిండిని రెండు గిన్నెల్లోకి తీస్తాను. ఒకటి వెంటనే, పులవకముందే ఫ్రిజ్‌లోకి. రెండోది పడుకునేదాకా బయట ఉంచి, కాస్త ఉబ్బగానే అదీ ఫ్రిజ్‌లోకి. మొదటి గిన్నెని కావలసిన రోజు ముందు సాయంత్రం బయటికి తీస్తే ఆ రోజుకి తాజాగా పులుస్తుంది. ఇలా చేస్తే వారం చివర వేసిన ఇడ్లీ కూడా పుల్లగా ఉండదు. డిసెంబరులో మాత్రం పూర్తి రాత్రి బయట ఉంచాల్సిందే. ఈ పద్ధతి పెద్దపిల్లకి బాగా వచ్చు. ఏ గిన్నె ముందు తీయాలో నన్ను అడగదు.

అల్లంవెల్లుల్లి ముద్ద అందరూ చేసుకునేదే, పెద్దగా చెప్పక్కర్లేదు. ఒక్క మాట. వెల్లుల్లి రేకలకి కాస్త నూనె రాసి గంటసేపు ఎండలో పెడితే పొట్టు దానంతటదే ఊడివస్తుంది, గోళ్లు నొప్పి పుట్టవు. మన ఎండ పనికొచ్చే చోట ఇది ఒకటి. నీళ్లు పోయకుండా ఉప్పు, నూనెతో నూరి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. గట్టు మీద ఉంచకూడదు. ఒక్కోసారి ముద్ద ఆకుపచ్చగా మారుతుంది. అది వెల్లుల్లిలోని గంధక పదార్థాల వల్ల వచ్చే రంగే, పారబోయక్కర్లేదు.

కూరగాయలు రాత్రే తరిగిపెట్టుకోవడం గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిది. బీన్స్, దొండకాయ, చిక్కుడు రాత్రి టీవీ ముందు కూర్చుని అందరం కలిసి తరిగేస్తే పొద్దున్న అరగంట మిగులుతుంది. చిక్కుడు ఈనెలు తీయడం అత్తయ్యగారి పని, ఆవిడకి అది ఇష్టం కూడా. వంకాయ, అరటికాయ మాత్రం ఎంత ఉప్పునీళ్లలో వేసినా పొద్దున్నకి కండ నల్లబడుతుంది, రుచి మారుతుంది. ఉల్లిపాయ తరిగి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లోని పాలకి కూడా ఆ వాసన పడుతుంది. పచ్చిమిర్చి తొడిమలు తీసి, తుడిచి, కాగితం పరిచిన డబ్బాలో పెడితే మాత్రం రెండు వారాలు తాజాగా ఉంటాయి. కొబ్బరి తురిమి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టుకోవడం కూడా బాగుంది. టమాటా గుజ్జు ఐసుముక్కలు మాకు నచ్చలేదు, కూరకి నీటిరుచి వచ్చింది.

పొడులు లేకపోతే మా ఇంట్లో రాత్రిళ్లు గడవవు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి ఎప్పుడూ ఉంటాయి. కందిపప్పు సన్నసెగ మీద, లోపలి దాకా ఎర్రగా వేగాలి. నోట్లో వేసుకుంటే కరకరమనాలి, పిండిపిండిగా తగలకూడదు. కారానికి గుంటూరు సన్నం ఎండుమిర్చే, అమ్మ ఏటా మార్చిలో కొత్తకాయ ఎండబెట్టి పంపిస్తుంది. వేడి మీద మిక్సీ పట్టకుండా చల్లారనిస్తే పొడికి చెమ్మ పట్టదు. వేడన్నం, నెయ్యి, ఈ పొడి ఉంటే రాత్రి ఆలస్యంగా దిగిన మనిషికి ఇంకేం చేయక్కర్లేదు.

అన్నం విషయంలో ఒక చిట్కాని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. పొద్దున్నే రెండుపూటలకీ వండేసి గట్టు మీద ఉంచేసి రాత్రి వేడి చేసుకోమంటారు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వేసవిలో వాంతులతో పిల్లలు పడే బాధ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మిగులుతుందనుకుంటే ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

పురుగుల సంగతి. బియ్యం డబ్బాలో వేపాకు, ఎండుమిర్చి వేస్తే పురుగు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. వానాకాలంలో అయితే బొత్తిగా ఆగదు. కందిపప్పుకీ మినపప్పుకీ మా అత్తయ్యగారు చేసే పాత పద్ధతే నెగ్గింది: కిలోకి చిన్న చెంచాడు ఆముదం చేత్తో పట్టించి డబ్బాలో పోయడం. వండేముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగితే చాలు, జిడ్డు తెలియదు. బొంబాయి రవ్వ తేగానే వేయించేస్తే పురుగు పట్టదు, ఉప్మా కూడా పొద్దున్న పది నిమిషాల్లో అయిపోతుంది. బొద్దింకలకి బిర్యానీ ఆకు పెట్టమన్న సలహా దండగ. బోరిక్ పౌడరు, పంచదార, గోధుమపిండి కలిపిన ఉండలు పనిచేశాయి. అయితే అది విషం. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు. ఆ పౌడరునే బియ్యంలో కలిపి నిలవ చేసేవాళ్లున్నారు, దయచేసి మానేయండి.

శుభ్రం చేసే చిట్కాల్లో అందరూ పంపేది వంటసోడా, వెనిగర్ కలిపి పోయడం. నురగ చూసి మురిసిపోతాం గానీ ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. అదంతా పోయాక మిగిలేది దాదాపు వట్టి నీళ్లే. విడివిడిగా వాడితే రెండూ మంచివే. బోరునీళ్లకి తెల్లగా పేరుకున్న కుళాయికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట వదిలి తుడిస్తే మెరుస్తుంది. పాలరాయి గచ్చు మీద మాత్రం చుక్క కూడా పడకూడదు, రాయి మెరుపు చస్తుంది. మాడిన స్టీలు గిన్నెకి సోడానీళ్లు కాచి వదిలేయాలి. అల్యూమినియం కుక్కరుకి సోడా తగిలితే నల్లబడుతుంది, దానికి పిండేసిన నిమ్మచెక్కలు వేసి నీళ్లు మరిగించడమే మందు.

ఒక్కటి మాత్రం ప్రాణం మీదకి తెచ్చేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు, నీళ్లు తీశాక బురద కడగడానికి బ్లీచింగ్ పౌడరులో బాత్‌రూమ్ యాసిడ్ కలిపితే బాగా పోతుందని మా బంధువులకి ఎవరో చెప్పారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపులు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఫోన్ చేసి ఆపించాను. బ్లీచింగ్ వాడితే అది ఒక్కటే నీళ్లలో కలిపి, కిటికీలు తీసి వాడాలి. ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా ఇది తప్పకుండా చెప్పండి, ఆ డబ్బాలు పట్టుకునేది ఎక్కువగా ఆవిడే.

చివరిది క్యారేజీలో పెరుగన్నం. పొద్దున్న పెరుగు కలిపి పెడితే మధ్యాహ్నానికి పుల్లబడి పిల్లలు అలాగే తిరిగి తెచ్చేవాళ్లు. ఇప్పుడు అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చటి పాలు కాస్త ఎక్కువే పోసి, ఉప్పు, అరచెంచా పెరుగు కలిపి మూత పెడుతున్నాను. పొద్దున్న చూస్తే పాలన్నంలా పలచగా ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి డబ్బాలోనే తోడుకుని కమ్మటి పెరుగన్నం అవుతుంది. డిసెంబరు, జనవరిలో ఒక చెంచా పెరుగు నిండుగా వేయాలి, లేకపోతే మధ్యాహ్నానికి కూడా పాలన్నమే. దానిమ్మగింజలు మాత్రం వేరే చిన్నడబ్బాలో పెట్టండి. అన్నంలో కలిపితే రంగు దిగి చిన్నవాడు ముట్టడు.